అమ్మకీ ఓ చాప

చారు పెట్టడం తేలికైన పని అని ఎవరైనా అంటే నమ్మకండి. చింతపండు ముందుగా నానెయ్యాలి. అది నానేలోపల కూర తరిగేసుకోవాలి. రెండో పొయ్యి మీద పాలున్నాయన్న సంగతి మనసులో ఓ మూల గుర్తుంచుకోవాలి. ఇంతలో పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడి కబుర్లు మొదలెడితే, ఆవిడ చిన్నబుచ్చుకోకుండా "ఆఁ, ఆఁ" అని వింటూనే, పోపు మాడకుండా చూసుకోవాలి. ఇన్నీ అయ్యాక ఉప్పు వేశామా లేదా అన్న అనుమానం ఒకటి!

ఇందులో రెండు విద్యలున్నాయి. పనిని వరసలో పెట్టుకోవడం, ఒకటి చేస్తూ రెండోది గుర్తుంచుకోవడం, ఆగాల్సిన చోట ఆగడం, ఇవన్నీ ఒక విద్య. సైకాలజీ పుస్తకాల్లో దీన్ని ఎగ్జిక్యూటివ్ స్కిల్స్ అంటారు. ఆ మాట వినగానే నాకైతే జీపులో వచ్చే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారే కళ్ళముందు మెదులుతారు గానీ, అసలర్థం అంత బరువైనదేం కాదు, పని నడుపుకునే నేర్పు, అంతే. పక్కింటావిడ మొహం చూసి ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు "అయ్యో" అనాలో తెలియడం రెండో విద్య. అది నలుగురిలో మసిలే నేర్పు.

మనలో చాలామందికి ఈ రెండూ ఎవరూ నేర్పకుండానే వస్తాయి. కొందరు పిల్లలకి అలా రావు. వాళ్ళకి తెలివి లేక కాదు, మెదడు అల్లిక వేరు కావడం వల్ల. ఆటిజం అనీ, ఎ.డి.హెచ్.డి. అనీ రకరకాల పేర్లతో పిలిచే ఈ పిల్లలందర్నీ కలిపి ఈమధ్య న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. మెదడు తీరు వేరైన పిల్లలన్నమాట.

మాది దొరవారిసత్రం. పాత నెల్లూరు జిల్లాలో, గూడూరు నుంచి మద్రాసు వెళ్ళే రైలుమార్గం మీద, నాయుడుపేటకీ సూళ్ళూరుపేటకీ మధ్య ఉంటుంది. శీతాకాలంలో గూడబాతులు వచ్చి గూళ్ళు కట్టే నేలపట్టు చెరువు మా మండలంలోదే. మా వీధిలో ఒక పిల్లవాడుండేవాడు. పేరు చెప్పను, ఇప్పుడు మీసాలొచ్చిన మగవాడు. గూడూరు నుంచి మద్రాసు దాకా స్టేషన్ల పేర్లు ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చదివేవాడు. ఏ రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యమో వాడినడిగితే చాలు. కానీ స్నానం చేసి రమ్మంటే చెంబు చేత్తో పట్టుకుని అరగంట అలాగే నిలబడేవాడు, ఆ తర్వాత చెయ్యాల్సిందేమిటో తోచక.

"ఏందక్కా వీడు! బండ్ల పేర్లన్నీ చెప్తా ఉండాడు, చొక్కాకి బొత్తాం పెట్టుకోమంటే మాత్రం నా మొహం చూస్తా నిలబడతా ఉండాడు" అనేది వాళ్ళమ్మ నాతో.

వీధిలో అమ్మలక్కల తీర్పులు రెండు. అతి గారాబం చేసి చెడగొట్టిందని సగంమంది అన్నారు. అసలు పట్టించుకోకుండా వదిలేసిందని మిగతా సగంమంది. ఒకే మనిషి మీద ఒకేసారి ఈ రెండు నేరాలూ ఎలా మోపారో నాకిప్పటికీ అర్థం కాదు!

నేను బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, డాక్టర్ని కాను. కానీ ఆస్పత్రివాళ్ళిచ్చిన ఇంగ్లీషు కాగితాలు ఆవిడకి చదివిపెట్టే పని నా మీద పడింది. అలా చదువుతూ చదువుతూ, అసలీ వైద్యం ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందా అని పుస్తకాలు తిరగెయ్యడం అలవాటైంది. తిరగేసినకొద్దీ ఒక సంగతి కనబడింది. ఈ వైద్యం ఎప్పుడు ముందడుగు వేసినా, అక్కడ డాక్టరు కుర్చీలోంచి లేచి అమ్మ పక్కనో, ఆయా పక్కనో, పిల్లల పక్కనో కూర్చున్నాడు. వెనకడుగు పడిన చోటల్లా అమ్మని గుమ్మం బయట నిలబెట్టారు. కలిసి చేసే వైద్యం అని ఇవాళ కొత్తగా చెప్పుకుంటున్నదానికి రెండువందల ఏళ్ళ చరిత్ర ఉంది.

ఆ చరిత్ర ఫ్రాన్సులో మొదలవుతుంది. 1800లో అవేరాన్ ప్రాంతపు అడవుల్లోంచి సుమారు పన్నెండేళ్ళ కుర్రవాడొకడు జనంలోకి వచ్చాడు. మాట లేదు, బట్ట లేదు. పారిస్ తీసుకొచ్చారు. ఆ కాలపు మహావైద్యుడు పినెల్ చూసి, వీడు పుట్టుకతోనే మందబుద్ధి, బాగుపడడు అని తేల్చేశాడు. ఇటార్ అనే పాతికేళ్ళు దాటిన యువ డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. ఆ కుర్రవాడికి విక్టర్ అని పేరుపెట్టి ఐదేళ్ళపాటు చదువు చెప్పాడు. విక్టర్‌కి ఆటిజం ఉండి ఉండవచ్చని ఈనాటి పరిశోధకుల్లో కొందరంటారు.

ఇటార్ పేరు అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. కానీ విక్టర్‌కి తిండి పెట్టి, నీళ్ళు పోసి, షికారు తిప్పి, భయపడితే దగ్గరికి తీసుకున్నది మదాం గెరాన్ అనే ఇల్లాలు. ఇటారే తన రిపోర్టులో ఒక సంగతి రాశాడు. భోజనాల వేళ బల్ల మీద పళ్ళేలు సర్దడం విక్టర్ పని. మదాం గెరాన్ భర్త జబ్బుపడి చనిపోయాడు. ఆ రోజు విక్టర్ అలవాటు ప్రకారం ఆయన పళ్ళెం కూడా పెట్టాడు. అది చూసి ఆవిడ భోరుమంది. విక్టర్ ఆవిడకేసి చూసి, మెల్లిగా ఆ పళ్ళెం తీసి బీరువాలో పెట్టేశాడు. మళ్ళీ ఎన్నడూ అది బయటికి తియ్యలేదట!

ఆలోచించండి. పళ్ళేలు వరసగా సర్దడం పని నడుపుకునే నేర్పు. ఏడుస్తున్న మనిషిని చూసి ఒక పళ్ళెం తీసెయ్యడం మనిషితో మసిలే నేర్పు. ఇటార్ పలక మీద దిద్దించిన అక్షరాలకంటే ఆ ఇంటి భోజనాల బల్ల దగ్గర ఒంటబట్టిన పాఠం ఇది. విక్టర్‌కి మాటలు రాలేదని నిరాశపడి ఇటార్ చదువు చాలించాడు. మదాం గెరాన్ చాలించలేదు. 1828లో విక్టర్ కన్నుమూసేదాకా వాణ్ణి ఆవిడే చూసుకుంది.

ఇటార్ శిష్యుడు సెగాన్. పెద్ద పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, చేతితో, కంటితో నేర్పే పద్ధతిని ఆయన పెంచాడు. రోమ్ నగరంలో మరియా మాంటిసోరీ అనే డాక్టరమ్మ ఈ ఇద్దరి పుస్తకాలూ తన చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకుని మరీ చదివింది. మాంటిసోరీ అంటే మనకి డబ్బున్నవాళ్ళ పిల్లల బడి గుర్తొస్తుంది గానీ, ఆవిడ తొలి పాఠాలు నేర్చుకున్నది మందబుద్ధులని ముద్రవేసి పక్కన పడేసిన పిల్లల దగ్గర. బొత్తాలు పెట్టే చట్రం, నీళ్ళు ఒలక్కుండా వొంచడం వంటి పనులు ఆ దారిన వచ్చినవే. ఆవిడ 1939లో మన పక్కనే మద్రాసు అడయారుకి వచ్చింది. యుద్ధం రావడంతో 1946 దాకా ఇండియాలోనే ఉండి వందలమంది టీచర్లకి శిక్షణ ఇచ్చింది. పారిస్ నుంచి బయల్దేరిన బొత్తాం పాఠం అలా మా ఊరికి రెండు మూడు గంటల రైలు దూరానికి వచ్చి చేరింది!

ఇహ ఆటిజం సంగతి. ఈ లక్షణాలని విడిగా గుర్తుపట్టిన తొలివాళ్ళలో ఒకరు మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే డాక్టరమ్మ. 1925లో ఆరుగురు మగపిల్లల గురించి రాసింది. వాళ్ళని గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగి ఊరుకోలేదు. బడిలాంటి చోట ఉంచి, కసరత్తులూ చేతిపనులూ నేర్పుతూ చూసింది. చాలాకాలం ఆవిడ పేరు ఎవరూ తలవలేదు.

వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ 1944లో రాసిన వ్యాసం మాత్రం తరవాత లోకప్రసిద్ధమైంది. ఆయన పనిచేసిన వార్డులో పిల్లలతో పొద్దున్నే ఆటలూ పాటలూ నాటకాలూ నడిపింది సిస్టర్ విక్తోరీన్ జాక్ అనే నర్సు. పిల్లల గుట్టు తెలిసింది ఆవిడకి. 1944లోనే బాంబుదాడిలో చనిపోయింది. మరి అంత చక్కటి వార్డు నుంచే, హిట్లరు ఏలుబడిలో, కొందరు పిల్లల్ని ఆమ్ స్పీగెల్‌గ్రుండ్ అనే చోటికి పంపించారు. అక్కడ దాదాపు 800 మంది పిల్లల్ని చంపేశారు. అలా పంపిన కాగితాల్లో ఆస్పెర్గర్ చెయ్యి కూడా ఉందని 2018లో ఒక చరిత్రకారుడు ఆధారాలతో బయటపెట్టాడు. పిల్లవాడితో కలిసి పనిచెయ్యడం వేరు, పిల్లవాడి మీద అధికారంతో కలిసి పనిచెయ్యడం వేరు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండగలవని తెలిసి నాకు ఒళ్ళు జలదరించింది.

అమెరికాలో కథ మరో మలుపు తిరిగింది. బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు 1943లో పదకొండుమంది పిల్లల గురించి రాసి ఆటిజానికి ఆ పేరు స్థిరపరిచాడు. ఆ తర్వాత తప్పు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. ఇంకెవరిది? అమ్మది! బిడ్డని మనసారా హత్తుకోని తల్లులవల్లే ఈ జబ్బు వస్తుందన్నారు. రిఫ్రిజిరేటర్ మదర్ అని పేరు కూడా పెట్టారు. బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో ఈ వాదంతో ఏకంగా పెద్ద పుస్తకమే రాశాడు. పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి ఉంచడమే వైద్యమన్నాడు. మా వీధి అమ్మలక్కల తీర్పుకీ ఈ పండితుల తీర్పుకీ తేడా ఎక్కడుందో మీరే చెప్పండి. మావాళ్ళు పుస్తకం రాయలేదు, అంతే.

ఈ వాదాన్ని పడగొట్టింది ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్‌లాండ్ స్వయంగా సైకాలజిస్టు, ఆయన కొడుక్కి ఆటిజం. ఇది మెదడుకి సంబంధించింది గానీ పెంపకంలో లోపం కాదని 1964లోనే పుస్తకం రాశాడు. చివరికి 1969లో తల్లిదండ్రుల సభలో కానరే లేచి, తల్లిదండ్రులుగా మిమ్మల్ని నిర్దోషులుగా విడుదల చేస్తున్నాను అన్న అర్థంలో మాట్లాడవలసి వచ్చింది. అసలు నేరమే జరగని కేసులో అంతమంది తల్లులు అన్నేళ్ళు బోనులో నిలబడ్డారు, పాపం!

బెటల్‌హైమ్ ఏలిన చికాగోలోనే చదువుకున్న ఎరిక్ షాప్లర్ ఆ మాట నమ్మలేదు. నార్త్ కరోలినాలో తల్లిదండ్రుల్నే వైద్యంలో జతగాళ్ళుగా చేర్చుకున్నాడు. 1972లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే ఆ పద్ధతిని తన కార్యక్రమంగా తీసుకుంది. టీచ్ అంటారు దాన్ని. అందులో పద్ధతి ఎంత ఇంటిపనిలా ఉంటుందో చూడండి. పొద్దున్నుంచి రాత్రిదాకా చెయ్యాల్సిన పనుల బొమ్మలు వరసగా గోడకి అంటిస్తారు. చెయ్యాల్సినవి ఎడంవైపు బుట్టలో, అయిపోయినవి కుడివైపు బుట్టలో. పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పిల్లవాడి కంటికి కనిపించాలి. చెంబు పట్టుకుని నిలబడిపోయిన మా వీధి పిల్లవాడికి కావలసింది తిట్లు కాదు, ఆ బొమ్మల వరసే!

అయితే అమ్మని వైద్యంలో కలుపుకోవడం అమెరికావాళ్ళే కనిపెట్టారనుకుంటే పొరపాటు సుమండీ. 1950లలోనే అమృత్‌సర్ పిచ్చాస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ అనే మహానుభావుడు ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల్నీ వాళ్ళ కుటుంబాల్నీ కలిపి ఉంచాడు. ఇంటివాళ్ళే సేవ చేశారు, ఇంటివాళ్ళే నేర్చుకున్నారు. దక్షిణాదిని రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీవాళ్ళు 1957లో బాగాయంలో మానసిక వైద్యకేంద్రం తెరిచారు. దాన్ని మొదలుపెట్టింది ఫ్లారెన్స్ నికొల్స్ అనే కెనడా డాక్టరమ్మ. అక్కడ రోగితోపాటు ఇంటివాళ్ళొకరు ఉండి తీరాలి. మా వైపువాళ్ళకి పెద్ద జబ్బంటే మద్రాసో రాయవేలూరో కదా, కాబట్టి ఎంతోమంది తెలుగు తల్లులు కూడా ఆ గుమ్మం తొక్కారు.

పిల్లల కోసం అక్కడున్న విభాగం పేరు నంబిక్కై నిలయం. నంబిక్కై అంటే అరవంలో నమ్మకం, మన 'నమ్మిక'కి చుట్టమే. బిడ్డతోపాటు తల్లి వారాల తరబడి అక్కడే ఉండి, రోజూ పాఠం చూసి, తనే చేసి, ఇంటికెళ్ళాక ఎలా సాగించాలో నేర్చుకుని వెళుతుంది. నాకది ఆస్పత్రి కంటే సత్రంలాగే అనిపిస్తుంది. మా ఊరి పేరులో సత్రం ఉండబట్టేమో! పూర్వం సత్రంలో వచ్చినవాళ్ళకి ఓ పూట అన్నం, పడుకోవడానికి ఓ చాప ఇచ్చేవారు. ఇక్కడ బిడ్డకి వైద్యం, అమ్మకీ ఓ చాప. ఆ చాపే ఈ వైద్యంలో సగం మందు.

ఈమధ్య ఇంకో రుజువు కూడా దొరికింది. గోవాలోనూ, సరిహద్దు కవతల రావల్పిండిలోనూ, 65 మంది ఆటిజం పిల్లలతో ఒక పరిశోధన జరిగింది. ఆ ఫలితం 2016లో అచ్చయింది. పెద్ద డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకి నేర్పారు, బిడ్డ చూపుని ఎలా అనుసరించాలో, ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో. తల్లీబిడ్డా ఒకరికొకరు అందే తీరు మెరుగుపడింది. డాక్టర్లు తక్కువా, అమ్మలు ఎక్కువా ఉన్న మన దేశాలకి ఇంతకంటే మంచి కబురేముంది?

ఇక కలిసి చెయ్యడంలో మూడో మెట్టు. డాక్టరూ అమ్మా కలిస్తే చాలదు, పిల్లలూ పిల్లలూ కలవాలి. డాన్ లెగాఫ్ అనే అమెరికా సైకాలజిస్టు దగ్గరికి వచ్చే ఇద్దరు పిల్లలు వేచివుండే గదిలో ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి చేతుల్లోనూ లెగో ఇటుకలే. ఎవరితోనూ కలవరనుకున్నవాళ్ళు ఇటుకలు చూసి కలిసిపోయారు! అందులోంచే ఆయన ఒక వైద్యం అల్లి 2004లో ఫలితాలు ప్రకటించాడు. ముగ్గురు పిల్లలు, మూడు పాత్రలు. ఇంజనీరు బొమ్మ చూసి ఏది ఎక్కడ పెట్టాలో చెబుతాడు, సప్లయరు ఇటుక వెతికి అందిస్తాడు, మేస్త్రీ కడతాడు. కాసేపటికి పాత్రలు మారతాయి. మాట్లాడక తప్పదు, వినక తప్పదు, వంతు వచ్చేదాకా ఆగక తప్పదు. ఇంగ్లండు బళ్ళలో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షిస్తే లాభం కనిపించింది గానీ, కొద్దిగానే. మంత్రమేం కాదు. అలా నిజం చెప్పినందుకే నాకీ పద్ధతి మీద గౌరవం పెరిగింది.

మన బొమ్మరిల్లు ఆట ఇదే కదూ? మా వీధి తల్లికి పట్నంలో ఒక థెరపిస్టు ఈ పద్ధతి చెప్పింది. లెగో పెట్టె ఖరీదు విని ఆవిడ గుండె జారిపోయింది. ఆ దసరాకి బొమ్మలకొలువు మెట్ల మీద మొదలుపెట్టింది. పాత ఫోటో చూసి వరస చెప్పడానికి ఎదురింటి పాప, బొమ్మలందించడానికి దాని తమ్ముడు, సర్దడానికి మనవాడు. మొదటిరోజు కొండపల్లి ఏనుగు రెండు ముక్కలైంది. మూడోరోజు వీడు ఎదురింటి పాపని పేరుపెట్టి పిలిచి "తర్వాతేందీ?" అని అడిగాడు. అంతే. అంతకుమించి వింతేమీ జరగలేదు. కానీ అన్నేళ్ళలో ఇంకో పిల్లని వాడు తనంతట తాను ప్రశ్న అడగడం అదే మొదలని వాళ్ళమ్మ నాతో చెబుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఒక్క హెచ్చరిక. ఈ వైద్యాల పేరుతో పిల్లవాణ్ణి 'మామూలు'గా కనిపించేట్టు తోమి పెడుతున్నారని, ఆ కష్టం పడి పెద్దవాళ్ళైన ఆటిజం మనుషులే చెబుతున్నారు. వినాలి మరి. డామియన్ మిల్టన్ అనే ఆయన, ఆయనకీ ఆటిజం ఉంది, 2012లో ఒక మాట రాశాడు. వాళ్ళకి మనం అర్థంకావడం లేదంటున్నామే, మనకి వాళ్ళు అర్థమవుతున్నారా? లోపం రెండు వైపులా ఉంది కదా అని! నిజమే. కళ్ళలోకి చూడకపోతే పొగరనుకోకుండా ఉండటం, చెప్పదలుచుకున్నది తిప్పకుండా సూటిగా చెప్పడం, జవాబుకి కాస్త ఆగడం. ఇవి మనం నేర్చుకోవలసిన మసిలే నేర్పులు.

చట్టం కూడా మెల్లిగానే కళ్ళు తెరిచింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం మాటే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టంలో చోటు దొరికింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో దాన్ని చేర్చింది. సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ సంస్థకి అనుబంధంగా నెల్లూరులోనూ ఒక ప్రాంతీయ కేంద్రముంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఇవి ఉన్నాయని తెలియక ఇంట్లో దాచిపెట్టిన పిల్లలే ఇంకా ఎక్కువ.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాటి బిడ్డ ఉంటే, ఓ వంద పేజీల నోటుబుక్కు కొనండి. ఏ పని దగ్గర ఆగిపోతున్నాడో, ఏ చప్పుడుకి బెదురుతున్నాడో, దేన్ని చూసి నవ్వాడో తేదీవారీగా రాసిపెట్టండి. దాన్ని డాక్టరు బల్ల మీద పెట్టండి, మొహమాటపడకండి. డాక్టరు బిడ్డని చూసేది అరగంట. మిగతా ఇరవైమూడున్నర గంటలూ చూసేది మీరు. ఇటార్ రిపోర్టు రాశాడు కాబట్టి ఆయన పేరు నిలిచింది. మదాం గెరాన్ రాయలేదు. మీరు రాయండి.